పన్నెండు రోజుల చుట్టం: ఇంట్లో కుక్క, పిల్లి, కోళ్లు ఉండగా కుక్కపిల్ల వస్తే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో ఐదేళ్ల నాటు కుక్క టైగర్ ఉంది, మగది. పిల్లి నెల కింద మూడు కూనలు పెట్టింది, అవి వెనక అర్రల సజ్జ మీద ఉన్నయి. పెరట్ల నాలుగు కోళ్లు, ఒక తల్లికోడి, దాని పిల్లలు. హైదరాబాద్‌ల ఉండే మా చెల్లె వాళ్లు బతుకమ్మ సెలవులల్ల టూరుకు పోతూ వాళ్ల లాబ్రడార్ కుక్కపిల్లను పన్నెండు రోజులు మా దగ్గర ఉంచుతమంటున్నరు. ఇంకా మూడు వారాల టైముంది. దానికి ఇప్పుడు రెండు నెలలు, నలభై ఐదో రోజున ఒక సూది పడ్డది. గోమార్లు (పిడుదులు) ఉన్నయంట, తెచ్చే ముందు మందు పూస్తదంట. ‘టైగర్ పక్కన కట్టేస్తే రెండు రోజులల్ల అవే కలుస్తయి’ అంటది మా అత్తమ్మ. ఏడేళ్ల కొడుకున్నడు. ఎట్ల చూసుకోవాలె?

జవాబు: అత్తమ్మ మాటతోనే మొదలుపెడదాం, చాలా ఇళ్లలో జరిగేది అదే కాబట్టి. రెండు కుక్కల్ని పక్కపక్కన కట్టేస్తే వాటికి తప్పుకునే దారి ఉండదు. పిల్ల మీద పడి నాకుతుంటే టైగర్‌కు విసుగొస్తుంది. విడిగా ఉంటే లేచి అవతలికి పోతుంది, తాడుంటే పోలేదు. ఇక దానికి మిగిలేది కరవడమే. పిల్లకూ వెనక్కి తగ్గే చోటు లేదు. పెద్ద కుక్క ఉత్తగా బెదిరించడానికి వేసిన పన్ను కూడా ఆ వయసు పిల్ల తలకో కంటికో తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

పన్నెండు రోజుల్లో వీటికి దోస్తీ కుదర్చాలని అసలు పెట్టుకోకండి. ఐదేళ్లు ఒక్కటే రాజ్యమేలిన కుక్క కొత్త పిల్లను ఇంటిదిగా ఒప్పుకోవడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అప్పటికి ఈ చుట్టం హైదరాబాద్‌లో ఉంటుంది. మీ ఇంటి జంతువులు ఎప్పటిలా తిని, ఎప్పటి చోట పడుకుని, పిల్ల వచ్చినంత ఆరోగ్యంగా తిరిగిపోతే చాలు. దానికి దారి వేరువేరుగా ఉంచడం. బయటి నుంచి పిల్ల ఏదైనా రోగం మోసుకొస్తే అది బయటపడేది కూడా ఎక్కువగా మొదటి వారంలోనే. కాబట్టి ఆరోగ్యం కోసం చూసినా, కొట్లాటలు తప్పించడానికి చూసినా చేయాల్సిన పని ఒక్కటే.

టీకా సంగతి ఈ మూడు వారాల్లోనే తేలాలి. పార్వో (వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ రోగం), డిస్టెంపర్ వంటి వాటికి కలిపి వేసే సూది 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గుతుంది, ఇంకో పిల్లలో పన్నెండు దాటినా ఉంటుంది. అందుకే ఇన్నిసార్లు వేస్తారు, ఒక్క సూది పడిన పిల్లను ‘టీకా అయింది’ అనుకోవడానికి లేదు. మీ చెల్లెవాళ్ల పిల్లకు రెండో సూది పది, పదకొండు వారాల మధ్య రావాలి. బయలుదేరడానికి కనీసం వారం ముందే అక్కడే వేయించమనండి. సూది పడిన మర్నాడే కారెక్కిస్తే రెండు నష్టాలు. రక్షణ తయారుకావడానికి ఆ వారం కావాలి. పైగా సూది తర్వాత ఒకట్రెండు రోజులు పిల్ల డల్‌గా ఉండటం మామూలే, అదే సమయంలో అసలు రోగం మొదలైతే ‘సూది వల్లేలే’ అని మీరు ఊరుకుంటారు. నట్టల మందు ఏ తేదీన, ఏ బరువుకు వేశారో టీకాల పుస్తకంలో రాయించి, ఆ పుస్తకాన్ని పిల్లతో పాటే పంపమనండి. ఈ వయసులో రెండు వారాలకోసారి, మూడు నెలలు దాటాక నెలకోసారి నట్టల మందు పడాలి. మీ దగ్గరున్నప్పుడే తేదీ వస్తే మీరే వేయాలి కదా.

టైగర్‌కు ఏటా వేసే సూదులు పడి ఏడాది దాటిందా? అయితే ఈ వారంలోనే వేయించండి. రేబిస్‌ది కూడా.

పార్వోకు అసలు గురయ్యేవి మీ పిల్లి కూనలు. ఇప్పుడు తిరుగుతున్న కుక్కల పార్వో రకాలు పిల్లులకూ అంటగలవు, టీకా లేని కూనలు దాన్ని తట్టుకోవడం కష్టం. చుట్టం వచ్చేసరికి కూనలకు ఏడు వారాలు నిండుతాయి. అంటే ఇప్పట్లా సజ్జ మీద పడుకునే దశ దాటి, కిందికి దూకి ఇల్లంతా తిరిగే వయసు. రెండో సూది పడకపోతే, లేదా పిల్లకు బయలుదేరే వారంలో ఒక్కసారి రక్తవిరేచనమో ఆగని వాంతులో అయినా, మొహమాటపడకండి. ‘ఈసారి కాదు చెల్లె’ అని చెప్పండి. హైదరాబాద్‌లో రోజుల లెక్కన కుక్కల్ని ఉంచుకునే చోట్లున్నాయి. చెల్లె రెండు రోజులు అలిగినా నష్టం లేదు.

రెండోది, గోమార్ల మందు. ఇది చదివాక వెంటనే చెల్లెకు ఫోన్ చేయండి. కుక్కల పిడుదులకు, ఈగలకు అమ్మే చుక్కల మందులు, పౌడర్లు, షాంపూల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు దాంతో ఇబ్బంది లేదు. పిల్లికి అది విషం. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు. పిల్లికి పూయనక్కర్లేదు, మందు పూసిన కుక్క ఒంటికి రాసుకున్నా, అది పడుకున్న బొంత మీద పడుకున్నా సరిపోతుంది. చెవులు అదరడం, కాళ్లు వణకడం, చొంగ కారడం, ఆ తర్వాత ఫిట్స్. అమిట్రాజ్ మందూ పిల్లికి పడదు. చెల్లె కొనే డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఈ రెండు పేర్లలో ఏదున్నా వద్దనండి. ఇంట్లో పిల్లి, పాలు తాగే కూనలు ఉన్నాయని, పిల్ల బరువు ఇంత అని చెప్పి డాక్టర్ రాసిన మందే కొనమనండి, పూయడం కూడా బయలుదేరడానికి మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. పొరపాటున పిల్లి వణుకుతుంటే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో ఒళ్లు కడిగి, తుడిచి, నేరుగా దవాఖానకు తీసుకుపోండి. ‘తెల్లారి చూద్దాం’ అనుకునే రోగం కాదిది.

అదే దారిలో ఇంకో మాట. బర్రెలకు, గొర్లకు గోమార్ల కోసం నీళ్లలో కలిపి కొట్టే మందు ఇంట్లో ఉంటే ‘కొంచెం కలిపి పిల్లకు కూడా’ అని చేయి చాపకండి. బర్రె బరువుకు కట్టిన కొలతను ఎనిమిది కిలోల పిల్లకు అందాజాగా తగ్గించడం కుదిరే పని కాదు. చేతికి దొరికిన నాలుగైదు గోమార్లను పట్టకారతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నేరుగా లాగి సబ్బు నీళ్లలో వేయండి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద చూడండి, ఎక్కువగా దాక్కునేది అక్కడే. గోళ్ల మధ్య నలిపితే ఆ రక్తం మన చేతికంటుతుంది.

ఇక చోటు. కూనలున్న వెనక అర్ర పిల్లి రాజ్యమే, దాని తలుపు పన్నెండు రోజులూ మూసే ఉండాలి. తలుపు కింద సందుంటే గోనెసంచి మడిచి పెట్టండి. కూనల్ని వేరేచోటికి మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చండి. చుట్టం వచ్చిన రోజు మారిస్తే తల్లి కంగారుపడి వాటిని నోట కరుచుకుని ఏ అటకెక్కుతుందో మీకు తెలియదు. తల్లి పిల్లి బయటికి పోయి రావడానికి కిటికీ దారి ఉంటే మంచిది. దాని తిండి, నీళ్లు, మట్టిపెట్టె అన్నీ ఆ గదిలోనే ఉండాలి. పిల్లి తిండిలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ, కుక్కపిల్ల దొంగిలించి తింటే ఆ రాత్రంతా విరేచనాలే. పిల్లి మట్టిపెట్టెలోది కూడా అది ఇష్టంగా తింటుంది, చెప్పడానికి అసహ్యమే గాని నిజం.

కుక్కపిల్లకు ముందరి వరండాలో ఒక మూల కట్టండి. రెండు గోడల మూలకు మూడడుగుల ఎత్తు ప్లైవుడ్ ముక్కలు రెండు అడ్డం పెడితే ఆరడుగుల చదరపు చోటు వస్తుంది. ఈ వయసు లాబ్రడార్ మూడడుగులు దూకలేదు గాని ఒళ్లంతా ఆనించి తోస్తుంది, అందుకే పలకల వెనక సిమెంటు ఇటుకలు ఆనించండి. కోళ్ల జాలీ వాడకండి. గోరు ఇరుక్కుంటే పెనుగులాటలో ఊడొస్తుంది, పళ్లతో తీగ కొరికి మింగినా ముప్పే. లోపల ఒక పాత దుప్పటి, బోర్లాపడని బరువైన నీళ్ల గిన్నె, ఇంకో చివర న్యూస్ పేపర్లు. మెడకు తాడు వేసి వదిలిపెట్టి పోవడం మాత్రం వద్దు, మంచం కోడుకు చుట్టుకుంటే ఊపిరాడదు. కరెంటు వైర్లు, చెప్పులు, జడ రబ్బర్లు, సీసా మూతలు నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా ఏవీ లేకుండా చూడండి. పత్తి చేను ఉంటే కొట్టే మందు డబ్బాలు, ఎలుకల మందు ఎక్కడున్నాయో ముందే వెతికి తాళం పెట్టండి. ఎలుకల మందు తిన్న పిల్లకు రెండు మూడు రోజుల దాకా ఏమీ కనిపించకపోవచ్చు, అప్పటికి లోపల రక్తస్రావం మొదలవుతుంది.

నేల కడగడానికి నల్ల ఫినాయిల్ మానేయండి. పార్వోను అది నమ్మకంగా చంపదు, పైగా పిల్లి ఆ తడి మీద నడిచి పాదాలు నాక్కుంటే దానికే విషం. బ్లీచింగ్ పౌడర్ మేలు. లీటరు నీళ్లకు 6 గ్రాములు, అంటే గుమ్మటంగా నింపిన ఒక చిన్న చెంచా. పది లీటర్ల బకెట్‌కు 60 గ్రాములు. ముందు మలాన్ని కాగితంతో ఎత్తి, మామూలు సబ్బునీళ్లతో కడిగిన తర్వాతే ఇది పోయాలి, మురికి మీద పోస్తే బ్లీచింగ్ బలం మురికితోనే అయిపోతుంది. పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. ఆరేదాకా ఏ జంతువూ అటు రాకూడదు. బాత్రూం యాసిడ్‌తో కలిపితే ప్రాణాంతకమైన గాలి లేస్తుంది, ఒకే బకెట్ కూడా వాడకండి. మూతపెట్టని పాత పౌడర్‌లో పస ఉండదు, కొత్త ప్యాకెట్ తెచ్చుకోండి.

హైదరాబాద్ నుంచి మీ ఊరికి నార్కట్‌పల్లి మీదుగా మూడు గంటల దారి. బయలుదేరడానికి మూడు గంటల ముందు నుంచి తిండి ఆపమనండి, నీళ్లు కొద్దిగా పర్లేదు. కడుపు నిండా పెట్టి ఎక్కిస్తే చిట్యాల దాటకముందే కక్కుతుంది. హోటళ్ల ముందు ఆపినప్పుడు పిల్లను మట్టిలో దింపకూడదు. ఊరకుక్కలన్నీ చేరేది అక్కడే, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కారులోనే పేపర్ల మీద పోసుకోనివ్వండి. దాంతో పాటు రావాల్సినవి: అది తినే తిండి పన్నెండు రోజులకు సరిపడా, దాన్ని కొలిచే కప్పు, మెడ మీద కాక ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, అది పడుకునే ఉతకని దుప్పటి ముక్క. ఆ ముక్కను రెండు రోజుల ముందే ఎవరితోనైనా పంపిస్తే ఇంకా మంచిది. టైగర్ పడుకునే చోటికి అయిదారడుగుల దూరంలో పెట్టి వాసన చూసుకోనివ్వండి.

తిండి విషయంలో ప్రేమ చూపించాలని అనిపిస్తుంది. చూపించకండి. అక్కడ ఏ సంచిలోది తింటోందో ఇక్కడా అదే, అంతే. ఆ బరువుకు సంచి మీద రాసిన గ్రాముల్ని, మామూలుగా రోజుకు 250 దరిదాపుల్లో ఉంటుంది, నాలుగు పూటలకు పంచండి: ఉదయం 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8. బర్రె పాలు పోయడం మనకు అలవాటు, ఈ వయసులో చాలా పిల్లలకు అవి అరగక విరేచనాలవుతాయి. అలా అయినప్పుడు పార్వోనో పాలో తేల్చుకోలేక మీరే అవస్థ పడతారు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, చక్కెర లేని చూయింగ్ గమ్ ఇవేవీ పెట్టకూడదు. పిల్లను చూడటానికి వచ్చే ప్రతి చుట్టానికీ ఒక బిస్కెట్ పెట్టాలనిపిస్తుంది, ఆ డబ్బా దాచేయండి. తెచ్చిన తిండి మధ్యలో అయిపోతే ఎముక లేని ఉడికించిన కోడిమాంసం, మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు కారం లేకుండా. రెంటినీ కలుపుతూ నెమ్మదిగా మార్చాలి, ఒక్క పూటలో కాదు.

ఈ వయసులో పిల్ల మెలకువగా మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడిన వెంటనే ఎత్తుకుపోయి పెరట్లో ఒకే చోట దింపండి. టైగర్ కాలెత్తే మూల కాకుండా, ఊరకుక్కలు దూరని చోటు. రాత్రి రెండింటికి ఒకసారి లేవక తప్పదు. ఆ సమయంలో మాటలు, ఆటలు వద్దు, పోయించి తెచ్చి పడుకోబెట్టడమే. మొదటి రాత్రి ఏడుస్తుంది. వరండాలో ఒంటరిగా వదిలి తలుపేసుకుంటే ఊరంతా లేస్తుంది, టైగర్‌కూ పిచ్చెక్కుతుంది. ఇంట్లో ఒకరు ఆ పలక పక్కనే చాప పరుచుకుని రెండు మూడు రాత్రులు పడుకుంటే సర్దుకుంటుంది. రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోతుందని రోగమేమో అనుకోకండి, ఆ వయసు నిద్రే అంత. మీ అబ్బాయి దాన్ని లేపి ఆడుకోకుండా చూడండి. నిద్రపట్టని పిల్లే ఎక్కువ కొరుకుతుంది.

స్నానం అవసరం లేదు. తడిగుడ్డతో తుడవండి.

టైగర్‌ను కలపడం గురించి. కొత్త కుక్కల్ని బయట ఎవరిదీ కాని చోట కలపాలని చెప్తారు, ఆ మాట నిజమే. కానీ టీకాలు పూర్తికాని పిల్లను మన వీధిలో, బడి గ్రౌండులో దింపితే రోగం కొనితెచ్చుకోవడమే. దీనికి మీ మిద్దె పనికొస్తుంది. ఊరకుక్కలు రావు, టైగర్ కూడా మిద్దెను వాకిలిలా కాపలా కాయదు. పిట్టగోడకు సందులుంటే ఏదైనా అడ్డం పెట్టండి, మెట్ల తలుపు వేయండి. సాయంత్రం అయిదున్నర దాటాక, అరచేయి ఆన్చి చూస్తే స్లాబు చల్లబడినప్పుడు ఎక్కండి.

నాలుగో రోజు నుంచి మొదలుపెట్టవచ్చు, అప్పటికి పిల్ల బాగా తింటూ, మలం గట్టిగా ఉంటేనే. ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. టైగర్ తాడు మీరు పట్టుకోండి, లాగి పట్టకుండా వదులుగా. పిల్లను ఛాతీ పట్టీతో ఇంకొకరు. ఎత్తుకుని టైగర్ ముఖం ముందుకు తీసుకురావడం అందరూ చేసే తప్పు, పెద్ద కుక్క ఎగిరి అందుకోబోతుంది, అప్పుడే పన్ను తగులుతుంది. పన్నెండడుగుల దూరంలో ఇద్దరూ ఒకే వైపు నడవండి, టైగర్ ముందు, పిల్ల వెనక. టైగర్ ఒళ్లు వదులుగా ఉండి, నేలను వాసన చూస్తూ పోతుంటే దూరం తగ్గించండి. పిల్లను వెనక నుంచి వాసన చూడనివ్వండి, మనసులో మూడు లెక్కపెట్టి పేరు పెట్టి పిలిచి, వచ్చినందుకు ఏదైనా చేతికివ్వండి. మొత్తం అయిదు నిమిషాలు. బాగా జరుగుతోంది కదా అని పొడిగిస్తే ఆరో నిమిషంలోనే చెడుతుంది.

తోక ఊపితే ఇష్టమనుకోవడం కూడా పొరపాటే. తోక నిటారుగా లేచి కొస మాత్రమే చిన్నగా కొట్టుకోవడం, నోరు మూసుకోవడం, కదలకుండా రెప్పవాల్చకుండా చూడటం, నడుము మీద వెంట్రుకలు లేవడం, ఇవి కలిసి కనిపిస్తే పక్కకు తిప్పి నడిపించండి. గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. అది ‘దూరం జరగు’ అని మర్యాదగా చెప్తోంది. ఆ చెప్పడాన్ని మాన్పిస్తే ఈసారి చెప్పకుండా కరుస్తుంది. పిల్లను దూరం తీసుకుపోవడమే సరైన జవాబు. రెండుసార్లు ఇలాగే అయితే కలపడం మానేయండి. పన్నెండు రోజులు పలకకు ఇటూ అటూ ఉన్నా ఏమీ కాదు.

టైగర్ దినచర్య మాత్రం ఒక్క అంగుళం కదలకూడదు. బువ్వ దానికే ముందు, దాని చోటే, ఎప్పటి వేళకే. అది తింటున్నంతసేపు పిల్ల పలకల వెనకే ఉండాలి. ఇళ్లలో కుక్కల కొట్లాటలు ఎక్కువగా జరిగేవి తిండి దగ్గర, బొక్క (ఎముక) దగ్గర, దర్వాజలో ఇరుకుగా ఎదురుపడినప్పుడు, ఒకటి మంచం కింద పడుకుని ఉండగా ఇంకొకటి దూరినప్పుడు. కొట్లాట మొదలైతే మధ్యలో చేయి పెట్టకండి, బకెట్ నీళ్లు కుమ్మరించి ఆ ప్లైవుడ్ పలకను మధ్యకు దింపండి.

పిల్లితో అసలు కలపనే వద్దు. కూనలున్న తల్లి పారిపోదు, ఎదురొస్తుంది, గోరు తగిలేది కుక్కపిల్ల కంటికే. కన్ను సగం మూసి, నీళ్లు కారుస్తూ, కాలితో రుద్దుకుంటుంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి మీది గీత పుండై లోతుకు దిగుతుంది. తల్లి పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోతే తేలిగ్గా తీసుకోకండి. తిండి మానేసిన పిల్లికి మూడు నాలుగు రోజుల్లోనే కాలేయం దెబ్బతినొచ్చు, ఇది పాలిచ్చే పిల్లి కూడా.

కోళ్లకు వంతులు పెట్టుకోండి. అవి పెరట్లో ఉంటే పిల్ల లోపల, పిల్ల బయటికొస్తే కోడిపిల్లలు గంప కింద. గంప మీద బరువైన రాయి పెట్టాలి, లాబ్రడార్ పిల్ల ముట్టెతో తోసి తిప్పేస్తుంది. కోడిపిల్లలు పరుగెత్తడమే దానికి ఆట, నోట పట్టి ఒక్కసారి విదిలిస్తే అయిపోతాయి. పెరట్లో పిల్ల ఉన్నంతసేపు పట్టీకి తాడుండాలి, తాడు చివర మనిషుండాలి. కోడి రెట్ట తిననివ్వకండి. వానలు ఇంకా ఉంటే కప్పల మీద కూడా కన్నుంచండి, కొన్నింటిని నోట పెడితే నురగలు కక్కుతుంది. వెంటనే తడిగుడ్డతో నోరు తుడిచి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇంట్లో పండగ సందడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. బతుకమ్మకు తెచ్చే పూలలో గన్నేరు కలిసిందేమో చూడండి, దాని ఆకూ పువ్వూ అన్నీ గుండెకు విషం. పూల కుప్పలు నేల మీద పోసి పేర్చేటప్పుడు పిల్లను లోపల ఉంచండి. సద్దుల రోజు, దసరా నాడు దర్వాజ తెరిచే ఉంటుంది, పదిమంది వచ్చిపోతుంటారు, మైకులు మోగుతుంటాయి. పిల్ల బెదిరి ఆ గుంపులోంచి జారిపోతే ఊరకుక్కల మధ్య పడుతుంది. ఆ రెండు రోజులు, కూనలున్న అర్ర కాకుండా, ఇంకో గది ఏదైనా మూసి, ఫ్యాన్ వేసి అందులో ఉంచండి. మటన్ బొక్కలు ఎవరూ కిందికి విసరకూడదని చుట్టాలకు ముందే చెప్పండి. ఉడికిన ఎముక ముక్కలై పిల్ల పేగులో గుచ్చుకుంటుంది, ఇక టైగర్ ముందు ఒక బొక్క, ఒక పిల్ల పడితే ఏమవుతుందో పైన చెప్పాం.

మీ అబ్బాయి సంగతి సీరియస్‌గా తీసుకోండి. పిల్ల పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, ఆటలో గీరుకోవడం ఖాయం. దానికి రేబిస్ సూది ఇంకా పడదు, అది మూడు నెలలు నిండాకే. చిన్న పిల్ల కాబట్టి రేబిస్ ఉండదనుకోవడానికి లేదు. చర్మం గీసుకుని రక్తం కనిపించినా, కనిపించకున్నా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకండి. అదే రోజు ఏరియా దవాఖానకు పోయి చూపించండి, సూదులు అవసరమా, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా కావాలా అన్నది గాయం చూసి వాళ్లే చెప్తారు. ప్రభుత్వ దవాఖానల్లో కుక్కకాటు సూదులు ఉచితమే. ఆట కోసం అబ్బాయికి ఒక పాత తువ్వాలు ముడివేసి ఇవ్వండి, పిల్ల పన్ను చేతికి కాకుండా దానికి తగలాలి. పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడిగించండి, నట్టల గుడ్లు మన పిల్లలకు అంటేది చేతుల నుంచే.

రోగం గురించి ఒక్కటే గుర్తుపెట్టుకోండి: ఈ వయసు పిల్లలో ఒక్క రాత్రి కూడా ఎక్కువే. తిండి ముట్టకపోవడం, రెండుసార్లకు మించి వాంతి, నీళ్ల విరేచనం, అందులో రక్తం, ఒకరకమైన కుళ్లు వాసన, వీటిలో రెండు కలిస్తే అదే రోజు డాక్టర్ దగ్గర ఉండాలి. థర్మామీటర్ చివర నూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. 103 దాటినా, 100 కంటే దిగినా ఆలస్యం చేయొద్దు. పెదవి ఎత్తితే చిగుళ్లు గులాబి రంగులో, తడిగా ఉండాలి. తెల్లగా, జిగురుగా ఉంటే ఒంట్లో నీళ్లు లేవు. పార్వోకు సెలైన్ ఎక్కించాలి, నోటి ద్వారా ఏది పోసినా కక్కేస్తుంది. మనుషుల జ్వరం గోళీలు ఏ జంతువుకూ వద్దు, పారాసెటమాల్ ఒక్క ముక్క పిల్లిని చంపగలదు.

దవాఖాన ఎక్కడో ఇప్పుడే చూసుకోండి. మీ ఊరి పశువుల దవాఖాన ఏ వేళల్లో ఉంటుంది, అక్కడ కుక్కపిల్లలకు సెలైన్ పెడతారా, దసరా రోజు ఎవరుంటారు, రాత్రయితే నల్లగొండకు పోవాలా, ఈ నాలుగూ ఫోన్ చేసి అడిగి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండి ప్రధానంగా పాడిపశువులు, గొర్ల కోసం నడిచేది, కుక్కపిల్ల కోసం దాన్ని నమ్ముకుని కూర్చోలేం. చెల్లె టూరులో ఫోన్ అందకపోవచ్చు. ‘అవసరమైతే అడ్మిట్ చేయించు, ఖర్చు మాది’ అని ఒక వాట్సాప్ మెసేజ్ ముందే పెట్టించుకోండి. అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

పిల్లను పంపించాక వరండా మూలను పైన చెప్పిన బ్లీచింగ్ నీళ్లతో రెండుసార్లు కడగండి, దుప్పటిని వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి, పేపర్లు కాల్చేయండి. ఆ తర్వాత రెండు వారాల పాటు కూనలు పాలు తాగుతున్నాయా, ఆడుతున్నాయా అని రోజూ చూడండి. చుట్టం మీ ఇంట్లో ఉన్నప్పుడే వాటికి ఎనిమిది వారాలు నిండుతాయి. ఆ రోజు నుంచే టీకా మొదలుపెట్టవచ్చు, సెలవులు ముగిసేదాకా ఆగకండి.